బూట్‌లో సెన్సార్ డ్రైవర్ ఫెయిల్ అవుతోంది, చేత్తో లోడ్ చేస్తే పనిచేస్తోంది: ఎక్కడ వెతకాలి?

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైంది ముందు చెబుతాను, తప్పుంటే సరిచెయ్యి.

పలాసలో మీ మామయ్యగారి జీడిపప్పు యూనిట్ ఉంది. పొట్టు వదలడానికి పప్పు ఆరబెట్టే గదిలో వేడి, తేమ ఎప్పటికప్పుడు రాసిపెట్టే పెట్టెలు మూడు తయారుచేశావు. ఏఎం335ఎక్స్ ప్రాసెసర్ ఉన్న బోర్డు, 5.10 లినక్స్ కెర్నల్, వేడి, తేమ కొలిచే బీఎంఈ280 సెన్సార్. సెన్సార్ ఎప్పుడైనా మొండికేస్తే కరెంటు తీసి మళ్లీ ఇవ్వడానికి వీలుగా మధ్యలో ఒక లోడ్ స్విచ్ (కరెంటుని ఆన్, ఆఫ్ చేసే చిప్) పెట్టావు. ఆ స్విచ్‌ని నడిపేది ఇంకో బస్ మీద ఉన్న ఎంసీపీ23017 ఎక్స్‌పాండర్‌లోని (ప్రాసెసర్‌కి అదనపు పిన్నులిచ్చే చిప్) ఒక పిన్. పదిసార్లు ఆన్ చేస్తే మూడు నాలుగుసార్లు "ప్రోబ్ ఆఫ్ 2-0076 ఫెయిల్డ్ విత్ ఎర్రర్ -121" అని వస్తోంది. అరుదుగా -110 కూడా వస్తోంది. లాగిన్ అయి డ్రైవర్ మాడ్యూల్ తీసి మళ్లీ వేస్తే మాత్రం ప్రతిసారీ పనిచేస్తోంది. మూడు పెట్టెల్లో ఒకదానిలో ఎప్పుడూ -22 తప్ప ఇంకోటి రాదు. డ్రైవర్‌లో బగ్ ఉందా, కొత్త కెర్నల్‌కి మారిపోవాలా అని అడిగావు.

కెర్నల్ మార్చకు, డ్రైవర్ జోలికీ పోవద్దు. కెర్నల్ మారిస్తే మాడ్యూళ్లు లోడయ్యే వేగం కాస్త మారి, పదిసార్లకు మూడు పోయేది ఒకటికి తగ్గుతుంది. బాగైపోయిందనుకుని పెట్టె గోడకి బిగిస్తావు. నెల తర్వాత మళ్లీ అదే గొడవ.

నీ ప్రశ్న చివర్లో తేలిగ్గా రాసి వదిలేసిన రెండు మాటలున్నాయి. "రీబూట్ కమాండ్ కొడితే ఎప్పుడూ బాగానే వస్తోంది, కరెంటు పోయి వచ్చినప్పుడే సమస్య" అన్నది ఒకటి. "సెన్సార్ పవర్ పిన్‌ని బూట్ చివర్లో ఒక స్క్రిప్ట్ ఆన్ చేస్తుంది" అన్నది రెండోది. నువ్వు పంపిన లాగ్ మొత్తం కంటే నాకు ఈ రెండు మాటలే ఎక్కువ ఉపయోగపడ్డాయి.

డ్రైవర్ ప్రోబ్ అంటే నిజానికి ఏం జరుగుతుందో చూద్దాం. కెర్నల్ డివైస్ ట్రీ (బోర్డులో ఏ చిప్ ఎక్కడుందో రాసిన ఫైల్) చదివి, రెండో ఐ2సీ బస్ (రెండు లైన్ల మీద చిప్‌లు మాట్లాడుకునే దారి) మీద హెక్స్ 76 అడ్రస్‌లో ఫలానా చిప్ ఉందని రాసి ఉంటే, దానికి సరిపోయే డ్రైవర్‌ని పిలుస్తుంది. ఆ డ్రైవర్ వరుసగా కొన్ని అడుగుతుంది. నా చిప్‌కి కరెంటు ఇచ్చేది ఎవరు, రీసెట్ పిన్ ఉందా, ఇంటరప్ట్ ఉందా, చివరికి చిప్‌తో మాట్లాడి నీ ఐడీ ఎంత అని. వీటిలో ఏదో ఒకటి దొరకకపోతే ఒక నంబర్ చెప్పి వెనక్కి తిరుగుతుంది. ఫెయిలైన లైనులో మనకి కనిపించేది డ్రైవర్ పేరు కాబట్టి తప్పు డ్రైవర్‌దే అనిపిస్తుంది. నా అనుభవంలో ఎక్కువసార్లు డ్రైవర్ సరిగ్గానే ఉంటుంది, అది అడిగినది దానికి దొరికి ఉండదు. అందుకే బూట్ ఎర్రర్ కనిపించగానే నేను వేసుకునే ప్రశ్న ఒకటే: ఇది ఏం అడిగింది, ఏది దొరకలేదు?

దీనికి జవాబు ఆ నంబర్‌లోనే ఉంటుంది. చాలామంది దాన్ని చదవకుండా లైను మొత్తాన్ని వెతుకుడు పెట్టెలో వేసేస్తారు. నీ బోర్డులో -121 అంటే ఐ2సీ కంట్రోలర్ హెక్స్ 76 అని పిలిచింది, అటునుంచి పలికే నాథుడు లేడు. లైన్లు బాగానే ఉన్నాయి, గడియారం ఆడింది, అడ్రస్ వెళ్లింది, జవాబు మాత్రం రాలేదు. -110 అంటే పిలవడమే సరిగ్గా పూర్తి కాలేదు, టైమ్ అయిపోయింది. ఏదో ఒక లైను కిందికి లాగబడి ఉంది, లేదా పుల్-అప్ (లైనుని పైకి పట్టి ఉంచే రెసిస్టర్) లేదు, లేదా ప్రాసెసర్ పిన్నులు ఐ2సీకి మార్చి లేవు. అప్పుడు "కంట్రోలర్ టైమ్డ్ అవుట్" అనే లైను కూడా పక్కనే ఉంటుంది. ఈ రెండు నంబర్లకీ వెతకాల్సిన చోట్లు వేరు. -121కి చిప్, దాని కరెంటు, దాని అడ్రస్ చూస్తాం. -110కి ముందు వైర్లు, పిన్‌మక్స్ (ఏ పిన్ ఏ పనికి అన్న అమరిక) చూస్తాం. (ఇవి ఏఎం335ఎక్స్ ఐ2సీ డ్రైవర్ ఇచ్చే నంబర్లు. కొన్ని వేరే ప్రాసెసర్లలో చిప్ పలకకపోతే -6 వస్తుంది, అర్థం అదే.)

ఇప్పుడు నీ లాగ్‌లో ఇంకో లైను చూడు. ఫెయిల్ అయ్యే లైనుకి కొంచెం పైన "సప్లై వీడీడీడీ నాట్ ఫౌండ్, యూజింగ్ డమ్మీ రెగ్యులేటర్" అని ఉంది. రెగ్యులేటర్ అంటే చిప్‌కి కరెంటు ఇచ్చే భాగం. ఈ లైను చూసి కంగారుపడొద్దని నేనే చాలామందికి చెబుతుంటాను. డివైస్ ట్రీలో ఈ చిప్‌కి కరెంటు ఎక్కడినుంచి వస్తుందో రాయలేదు కాబట్టి, ఎప్పుడూ ఆన్‌లోనే ఉందనుకుని ముందుకెళ్తున్నానని దాని అర్థం. సెన్సార్‌ని నేరుగా 3.3 వోల్టులకి కలిపిన బోర్డులో ఆ అనుకోలు నిజమే. నీ బోర్డులో అది నిజం కాదు. నీ సెన్సార్ కరెంటు ఒక స్విచ్ వెనక ఉంది, దాన్ని వేసేది నీ స్క్రిప్ట్. ఆ సంగతి కెర్నల్‌కి ఎవరూ చెప్పలేదు. అది తన పని తాను చేసుకుపోతూ, కరెంటు లేని చిప్‌ని పిలుస్తోంది.

ఇక మిగతా లక్షణాలన్నీ వరుసలో పడతాయి. బూట్‌లో మాడ్యూళ్లని యూడెవ్ అనే ప్రోగ్రామ్ ఒకేసారి నాలుగైదు లోడ్ చేస్తుంది, ఇంకోపక్క నీ స్క్రిప్ట్ నడుస్తుంది. ఎవరు ముందు చేరతారన్నది ప్రతి బూట్‌కీ మారుతుంది. అందుకే పదికి మూడు నాలుగు. లాగిన్ అయ్యేసరికి స్క్రిప్ట్ పని ఎప్పుడో అయిపోయి ఉంటుంది, అందుకే చేత్తో లోడ్ చేస్తే ఎప్పుడూ పనిచేస్తుంది. రీబూట్ కొట్టినప్పుడు ఎందుకు పోదంటే, ఎక్స్‌పాండర్ రీసెట్ పిన్‌ని నువ్వు నేరుగా 3.3 వోల్టులకి కట్టేశావు (నువ్వు పంపిన సర్క్యూట్ బొమ్మలో 18వ పిన్ చూడు). ప్రాసెసర్ రీసెట్ అయినా ఎక్స్‌పాండర్‌కి ఆ సంగతే తెలియదు, పాత పిన్ స్థితినే పట్టుకుని ఉంటుంది. సెన్సార్ కరెంటు అసలు పోదు. కరెంటు పోయి వస్తేనే ఎక్స్‌పాండర్ మొదటినుంచి మొదలవుతుంది, దాని పిన్నులన్నీ ఇన్‌పుట్‌గా ఉంటాయి, స్విచ్ ఆఫ్‌లో ఉంటుంది.

అప్పుడప్పుడు వచ్చే -110 కూడా ఇందులో భాగమే. సెన్సార్‌కి కరెంటు లేదు కానీ దాని డేటా, క్లాక్ పిన్నులకి పుల్-అప్‌ల నుంచి 3.3 వోల్టులు అందుతూనే ఉన్నాయి. ఆ కరెంటు చిప్ లోపల రక్షణ డయోడ్ల గుండా దొంగదారిన సప్లై లైనులోకి పోతుంది. చిప్ పూర్తిగా చావదు, పూర్తిగా లేవదు. ఒక్కోసారి లైనుని కిందికి లాగి పట్టుకుంటుంది. ఇది లాగ్ సమస్యతో ఆగదు. సెన్సార్ తయారుచేసే బాష్ కంపెనీ డేటాషీట్‌లోనే హెచ్చరిక ఉంది: వీడీడీఐఓ (ఇంటర్‌ఫేస్ పిన్నుల సప్లై) ఆఫ్‌లో ఉండగా ఇంటర్‌ఫేస్ పిన్నులని హై స్థాయిలో ఉంచితే చిప్ శాశ్వతంగా పాడైపోవచ్చని. కాబట్టి దీన్ని సాఫ్ట్‌వేర్‌తో సరిచేసి ఊరుకోవద్దు. తర్వాత బోర్డు గీసేటప్పుడు పుల్-అప్‌లని కూడా స్విచ్ తర్వాతి లైనుకే కట్టు, లేదంటే ఆ స్విచ్‌నే తీసెయ్యి. బీఎంఈ280 స్లీప్‌లో తీసుకునేది మామూలుగా 0.1 మైక్రోఆంపియర్. కరెంటు పొదుపు కోసం దానికి స్విచ్ అవసరమే లేదు. మొండికేస్తే లేపడానికే అయితే చిప్‌లోనే సాఫ్ట్ రీసెట్ కమాండ్ ఉంది.

నేను చెప్పింది నమ్మి మార్పులు మొదలుపెట్టకు. ముందు నీ కళ్లతో చూసుకో. పావుగంట పని.

బోర్డుని సీరియల్ కన్సోల్‌కి కలుపు. మొబైల్‌తో స్క్రీన్ ఫొటో తీసి పంపడం ఆపెయ్యాలి, ఫొటోలో ఎప్పుడూ చివరి 25 లైన్లే ఉంటాయి, మనకి కావాల్సింది వాటి పైన ఉంటుంది. యూఎస్‌బీ నుంచి సీరియల్‌కి మార్చే కేబుల్ 3.3 వోల్టులదే వాడు, 5 వోల్టులది తగిలిస్తే ప్రాసెసర్ పిన్ పోతుంది. వేగం 115200. యూ-బూట్‌లో (కెర్నల్‌ని లేపే ప్రోగ్రామ్) బూట్‌ఆర్గ్స్‌ నుంచి, అంటే కెర్నల్‌కి ఇచ్చే ఆప్షన్ల లైను నుంచి, "క్వైట్" తీసెయ్యి, "ఇగ్నోర్_లాగ్‌లెవెల్", "ఇనిట్‌కాల్_డీబగ్" చేర్చు. దీంతో ప్రతి ప్రోబ్ ఎప్పుడు జరిగింది, ఎంత వచ్చింది, ఎన్ని మైక్రోసెకన్లు పట్టింది అన్నీ టైమ్‌తో సహా కనిపిస్తాయి. లాగ్ పెద్దదై మొదట్లోవి కొట్టుకుపోతే "లాగ్_బఫ్_లెన్=1ఎం" కూడా పెట్టు.

ఇప్పుడు నీ స్క్రిప్ట్‌ని పూర్తిగా ఆపెయ్యి. ప్లగ్ తీసి ఐదు నిమిషాలు ఆగు. ఆగడం ముఖ్యం, కెపాసిటర్లలో మిగిలిన ఛార్జ్ కూడా పోవాలి. మళ్లీ ఆన్ చేసి లాగిన్ అవ్వు. సెన్సార్ ప్రోబ్ -121తో పోయి ఉంటుంది, ఈసారి పదికి పదిసార్లూ పోవాలి. అప్పుడు ఐ2సీడిటెక్ట్‌తో రెండో బస్‌ని స్కాన్ చెయ్యి. ఏఎం335ఎక్స్ కంట్రోలర్ క్విక్ రైట్ పద్ధతిని ఇవ్వదు, అందుకని చదివి చూసే ఆప్షన్ (మైనస్ ఆర్) తప్పకుండా పెట్టాలి. 76 ఉండాల్సిన గడిలో రెండు గీతలే కనిపిస్తాయి. ఇప్పుడు చేత్తో ఎక్స్‌పాండర్ పిన్ ఆన్ చేసి మళ్లీ స్కాన్ చెయ్యి. అదే గడిలో 76 ప్రత్యక్షమవుతుంది. తర్వాత "/సిస్/బస్/ఐ2సీ/డ్రైవర్స్/బీఎంపీ280" ఫోల్డర్‌లోని బైండ్ ఫైల్‌లోకి 2-0076 అని రాయి. డ్రైవర్ పట్టుకుంటుంది, ఇంకోసారి స్కాన్ చేస్తే ఆ గడిలో 76 బదులు "యూయూ" అని వస్తుంది. ఆ అడ్రస్ ఒక డ్రైవర్ చేతిలో ఉందని దాని అర్థం. గీతలు, 76, యూయూ: ఈ మూడూ ఈ వరుసలో కనిపిస్తే కారణం రుజువైనట్టే. స్కాన్‌లో ఏ దశలోనైనా వేరేగా కనిపిస్తే అక్కడే ఆగి నాకు రాయి, ముందుకి పోవద్దు.

ఇక సరిచేయడం. స్విచ్ సంగతి కెర్నల్‌కి చెప్పాలి. డివైస్ ట్రీలో "రెగ్యులేటర్-ఫిక్స్‌డ్" నోడ్ ఒకటి రాసి, దాని జీపీఐఓగా (ఆన్, ఆఫ్ చేసే పిన్‌గా) ఎక్స్‌పాండర్ పిన్ ఇవ్వు. సెన్సార్ నోడ్‌లో "వీడీడీడీ-సప్లై", "వీడీడీఏ-సప్లై" రెండూ ఆ నోడ్‌కే చూపించు. స్క్రిప్ట్‌ని శాశ్వతంగా తీసెయ్యి. అప్పుడు డ్రైవర్ తానే కరెంటు వేయించుకుని, ఆగి, ఆ తర్వాతే చిప్‌ని పిలుస్తుంది.

ఇందులో జనం పడే గోతులు మూడున్నాయి, నేను మూడింటిలోనూ మనుషులు రోజులు పోగొట్టుకోవడం చూశాను. "ఎనేబుల్-యాక్టివ్-హై" అన్న లైను మర్చిపోవడం వీటిలో అన్నిటికంటే ఎక్కువగా జరుగుతుంది. ఫిక్స్‌డ్ రెగ్యులేటర్‌కి జీపీఐఓ పక్కన యాక్టివ్ హై అని రాసినా కెర్నల్ దాన్ని లెక్కలోకి తీసుకోదు, ఈ ప్రత్యేకమైన లైను ఉందా లేదా అన్నదే చూస్తుంది. లేకపోతే పిన్ కిందికి లాగితే ఆన్ అనుకుంటుంది. ఫలితం, డ్రైవర్ కరెంటు వెయ్యి అన్న ప్రతిసారీ నీ స్విచ్ ఆఫ్ అవుతుంది. లాగ్‌లో రెగ్యులేటర్ ఆన్ అనే ఉంటుంది, మీటర్ పెడితే సున్నా. ఇక "స్టార్టప్-డిలే-యుఎస్" పెట్టకపోవడం. సెన్సార్ డ్రైవర్ చిప్ లేవడానికి 2 మిల్లీసెకన్లే ఆగుతుంది. నీ లోడ్ స్విచ్, దాని తర్వాత కెపాసిటర్ నిండటానికి అంతకంటే ఎక్కువ పట్టొచ్చు. మొదట 10000 పెట్టి చూడు, అంటే 10 మిల్లీసెకన్లు. మూడోది విచిత్రంగా కనిపిస్తుంది. "రెగ్యులేటర్-బూట్-ఆన్" పెట్టి, సెన్సార్ నోడ్‌లో సప్లై లైన్లు రాయడం మర్చిపోతే, బూట్‌లో అన్నీ బాగుంటాయి, రీడింగులు వస్తాయి, అరనిమిషానికి సెన్సార్ పోతుంది. ఎవరూ అడగని రెగ్యులేటర్లని కెర్నల్ బూట్ తర్వాత 30 సెకన్లకి ఆపేస్తుంది. "డిసేబ్లింగ్" అని ఒక చిన్న లైను లాగ్‌లో పడుతుంది, అప్పటికి అందరూ లాగ్ చూడటం మానేసి ఉంటారు.

మార్పు చేశాక లాగ్‌లో కొత్తగా -517 కనిపించొచ్చు, ప్రోబ్ వాయిదా పడిందని. దాన్ని చూసి వెనక్కి వెళ్లకు. నువ్వు అడగబోయే తర్వాతి ప్రశ్న ఇదేనని తెలుసు కాబట్టి ఇప్పుడే చెప్పేస్తున్నాను. సెన్సార్‌కి రెగ్యులేటర్ కావాలి, రెగ్యులేటర్‌కి ఎక్స్‌పాండర్ కావాలి, ఎక్స్‌పాండర్ డ్రైవర్ ఇంకా లోడ్ కాలేదు. అలాంటప్పుడు సెన్సార్ డ్రైవర్ "నాకు కావాల్సినవాళ్లు ఇంకా రాలేదు, తర్వాత పిలువు" అని -517తో వెనక్కి వస్తుంది. కెర్నల్ దాన్ని ఒక జాబితాలో పెట్టుకుని, కొత్తగా ఏ డ్రైవర్ కుదురుకున్నా మళ్లీ ఒకసారి పిలుస్తుంది. ఈ వాయిదా పద్ధతి 2012లో 3.4 కెర్నల్‌తో వచ్చింది. నీ సమస్య మొత్తానికి కీలకం ఇక్కడే ఉంది: కెర్నల్ మళ్లీ పిలిచేది -517 అన్నవాళ్లనే. -121 అంటే అది తుది జవాబు కింద లెక్క, ఆ డివైస్‌ని మళ్లీ ఎవరూ పట్టించుకోరు, చేత్తో బైండ్ చేసేదాకా అంతే. ఇన్నాళ్లూ మీ పెట్టె మళ్లీ ప్రయత్నించకుండా పడి ఉన్నది ఇందుకే. కరెంటు సంగతి డివైస్ ట్రీలో రాయడం వల్ల -121 కాస్తా -517గా మారుతుంది, అంటే చివరి మాట కాస్తా వాయిదాగా మారుతుంది.

బూట్ అయిపోయాక కూడా వాయిదాలోనే మిగిలిపోయినవాళ్లని చూడాలంటే "/సిస్/కెర్నల్/డీబగ్/డివైసెస్_డిఫర్డ్" ఫైల్ తెరువు. ఖాళీగా ఉంటే అందరూ కుదురుకున్నట్టే. సెన్సార్, రెగ్యులేటర్ రెండూ అందులో ఉంటే గొలుసులో చివరివాడిని పట్టుకో. ఎక్స్‌పాండర్ డ్రైవర్ మాడ్యూల్ అసలు రూట్ ఫైల్ సిస్టమ్‌లో ఉందా, కెర్నల్ కాన్ఫిగ్‌లో ఎంచుకున్నావా చూడు. 5.10లో కొన్ని డ్రైవర్లు ఎవరి కోసం ఆగుతున్నాయో కూడా పక్కనే రాస్తాయి. ఈ ఒక్క ఫైల్ సంగతి తెలియక జనం డ్రైవర్ కోడ్‌లో ప్రింట్ లైన్లు పెట్టుకుంటూ కూర్చుంటారు, చూస్తే బాధేస్తుంది.

ఒక జాగ్రత్త. డివైస్ ట్రీ మార్చి కంపైల్ చేసి కాపీ చేశాక, బోర్డు చదువుతున్నది నీ ఫైలేనా అని తేల్చుకో. కార్డులో ఒక డీటీబీ (కంపైలైన డివైస్ ట్రీ ఫైల్), బోర్డు మీది ఈఎంఎంసీ మెమరీలో ఇంకోటి, యూ-బూట్ మూడోదాన్ని ఎత్తుకోవడం నేను లెక్కలేనన్నిసార్లు చూశాను. దీనికో తేలిక పద్ధతి ఉంది. డివైస్ ట్రీ పైభాగంలో మోడల్ అని ఒక లైను ఉంటుంది, అందులో చివర "పలాస-1" అని చేర్చు, ప్రతి మార్పుకీ ఆ అంకె పెంచు. బూట్ మొదట్లోనే "మెషీన్ మోడల్" అన్న లైనులో అది పడుతుంది. పాత అంకె కనిపిస్తే ఇంకేమీ చూడనక్కర్లేదు, ఫైల్ తప్పుచోట పెట్టావు. అంకె సరైనదే అయినా అనుమానముంటే "/ప్రొక్/డివైస్-ట్రీ" లోపలికి వెళ్లి సెన్సార్ నోడ్‌లో సప్లై లైన్లు ఉన్నాయో లేదో చూడు.

ఇక -22 ఇచ్చే మూడో పెట్టె. దానికీ పై గొడవకీ సంబంధం లేదు. ఆ లాగ్‌లో "బ్యాడ్ చిప్ ఐడీ: ఎక్స్‌పెక్టెడ్ 60 గాట్ 58" అని స్పష్టంగా ఉంది, నువ్వు చివరి లైనే కాపీ చేశావు కాబట్టి నీకు కనబడలేదు. హెక్స్ 60 బీఎంఈ280, హెక్స్ 58 బీఎంపీ280. రెండూ చూడటానికి అక్కచెల్లెళ్లలా ఉంటాయి, అడ్రస్ కూడా అదే, కానీ రెండోదానిలో తేమ కొలిచే భాగం లేదు. ఆన్‌లైన్‌లో బీఎంఈ పేరుతో బీఎంపీ రావడం మామూలైపోయింది. డివైస్ ట్రీలో పేరు మార్చి డ్రైవర్‌ని ఒప్పించొచ్చు, వేడి చూపిస్తుంది, కానీ మీ పనికి కావాల్సిందే తేమ. సెన్సార్ మార్చడం తప్ప దారి లేదు. కొత్తది వచ్చాక, సోల్డర్ చేయకముందే డీ0 అన్న రిజిస్టర్ ఐ2సీగెట్‌తో చదువు. 60 వస్తేనే వాడు.

సెన్సార్‌కి గది లోపలి దాకా నాలుగు మీటర్ల వైరు లాగానన్నావు. అది నాకు నచ్చలేదు. ఐ2సీ ఒకే బోర్డు మీద చిప్‌లు మాట్లాడుకోవడానికి పుట్టింది, బస్ మీద మొత్తం కెపాసిటెన్స్ 400 పికోఫారడ్‌లు దాటకూడదని దాని నియమం. అంత వైరులో ఆ హద్దుకి దగ్గరపడతావు. ప్రస్తుతానికి బస్ వేగం 400 కిలోహెర్ట్జ్ నుంచి 100కి తగ్గించు, అది డివైస్ ట్రీలో "క్లాక్-ఫ్రీక్వెన్సీ" ఒక్క లైను. తర్వాత తీరిగ్గా సెన్సార్‌ని చిన్న బోర్డు మీద పెట్టి ఆర్ఎస్-485తో లాక్కురా.

వైర్లంటే ఒక సంగతి చెప్పాలి. కొన్నేళ్ల క్రితం కళింగపట్నం వైపు ఒక తీరగ్రామంలో మేము నీటిమట్టం కొలిచే పెట్టె పెట్టాం. విజయనగరంలో నా టేబుల్ మీద నెలరోజులు ఒక్కసారి కూడా ఫెయిల్ కాలేదు. అక్కడ బిగించాక వర్షాకాలంలో పొద్దున పూట మాత్రం బూట్‌లో -121. నేను అచ్చం నీలాగే డ్రైవర్‌లోకి దిగాను. రెండు వారాలు ప్రింట్ లైన్లు పెట్టాను, ఆలస్యాలు పెంచాను, మళ్లీ మళ్లీ ప్రయత్నించే లూప్ రాశాను. అది కొంచెం తగ్గింది కూడా, అదే నన్ను ఇంకా తప్పుదారి పట్టించింది. చివరికి ఒక రోజు తెల్లవారకముందే అక్కడికి వెళ్లి పెట్టె తెరిస్తే, సెన్సార్ కనెక్టర్ పిన్నుల మీద పచ్చగా చిలుము పట్టి ఉంది. ఉప్పుగాలి, రాత్రి మంచు. ఎండ ఎక్కి తడి ఆరాక కాంటాక్ట్ బాగానే అవుతోంది, అందుకే మధ్యాహ్నం వెళ్లి చూసిన ప్రతిసారీ అంతా బాగుంది. బంగారు పూత ఉన్న కనెక్టర్ వేసి, పైన కోటింగ్ కొట్టాక మళ్లీ రాలేదు. ఆ రెండు వారాల్లో -121 నాకు ప్రతిరోజూ ఒకటే చెబుతూ వచ్చింది, అటువైపు ఎవరూ పలకడం లేదని. నేను వినలేదు. మీ గదిలో ఉప్పుగాలి ఎంతుందో గానీ జీడి గింజ కాల్చే చోట ఆ నూనె పొగ పక్క గదులదాకా వస్తుంది, అది చేతికంటితేనే చర్మం కాలుతుంది. కనెక్టర్ల మీద నెలకోసారి కన్నేసి ఉంచు.

పరీక్ష ఎలా చేయాలో కూడా చెబుతాను, ఇక్కడే చాలామంది తొందరపడతారు. రీబూట్ కమాండ్‌తో వందసార్లు పరీక్షించినా నీ సమస్యకి అది పరీక్ష కాదు, ఎందుకో పైన చూశాం. ప్లగ్ తీసి, ఐదు నిమిషాలు ఆగి, మళ్లీ పెట్టి, 20 సార్లు చెయ్యి. పదిసార్లకు మూడుసార్లు పోయేది 20 సార్లలో ఒక్కసారీ పోకుండా ఉండటం దాదాపు జరగదు, కాబట్టి 20 దాటితే నమ్మొచ్చు. మధ్యలో ఐదు సెకన్లలోనే తీసి పెట్టడం కూడా కొన్నిసార్లు చెయ్యి, మన ఊళ్లలో కరెంటు పోయే తీరు అదే కదా, పోయి వచ్చి మళ్లీ పోతుంది. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటి చోట పెట్టే పెట్టె ఎవరి చెయ్యీ తగలకుండా లేచి నిలబడాలి. ప్రతి బూట్ లాగ్‌నీ విడివిడి ఫైల్‌గా దాచు. ఒకటి బాగున్నదీ ఒకటి పోయినదీ పక్కపక్కన పెట్టి, టైమ్ అంకెలు తీసేసి డిఫ్ (తేడాలు చూపే కమాండ్) కొడితే వరుస ఎక్కడ మారిందో వెంటనే దొరుకుతుంది.

ఇదే బాటలో నీకు ఇంకొకటి ఎదురుకావచ్చు, ఒక్క మాటలో చెబుతాను. కార్డ్ మార్చినప్పుడో కెర్నల్ మార్చినప్పుడో "అనేబుల్ టు మౌంట్ రూట్" అని ఆగిపోతే బ్రాకెట్‌లో అంకెలు చూడు. 0,0 అంటే కార్డ్‌నే కెర్నల్ చూడలేదు, ఎంఎంసీ డ్రైవర్ వైపు, దాని రెగ్యులేటర్ వైపు వెతకాలి, "రూట్‌వెయిట్" ఉందో చూడాలి. 179,2 అంటే కార్డ్ రెండో పార్టిషన్ కనిపించింది, ఫైల్ సిస్టమ్ చదవలేకపోయింది. బూట్ ఏ లైనూ లేకుండా నల్లగా ఆగిపోతే "ఎర్లీకాన్" పెట్టు. మధ్యలో చప్పుడు లేకుండా ఆగితే ఒకసారి "సీఎల్‌కే_ఇగ్నోర్_అన్‌యూజ్‌డ్" పెట్టి చూడు. దాంతో లేస్తే ఎవరిదో క్లాక్ డివైస్ ట్రీలో రాయలేదని అర్థం. అది రోగం ఎక్కడుందో చూపించడానికే, అలాగే వదిలేయకు.

ముందు స్క్రిప్ట్ ఆపి ఆ మూడు స్కాన్లు చెయ్యి, ఫలితం పెట్టు. తర్వాత డివైస్ ట్రీలో రాసిన రెగ్యులేటర్ నోడ్, సెన్సార్ నోడ్ రెండూ యథాతథంగా పెట్టు, ఒకసారి చూస్తాను. టెక్కలిలోనో రాజాంలోనో కాలేజీ ల్యాబ్‌లో ఒక గంట ఆసిలోస్కోప్ దొరికితే, స్విచ్ తర్వాత 3.3 వోల్టుల లైను లేచే బొమ్మ, దాంతోపాటు క్లాక్ లైను ఒకే స్క్రీన్ మీద పట్టు. స్టార్టప్ డిలే 10000 చాలా, తగ్గించొచ్చా అన్నది ఆ బొమ్మ చూసి చెబుతాను.